ముందు ఫోను పక్కన పెట్టండి

అందరికీ నమస్కారం. ఇలాంటి సదస్సుల్లో మామూలుగా గృహహింస బాధితురాలి హక్కుల గురించి చెబుతాం. ఇవాళ కేసు పడ్డ భర్త, అతని తల్లిదండ్రులు ఏం చేయాలో చెప్పమన్నారు. నేను లాయరుగా రెండు వైపులా వాదించేదాన్ని కాబట్టి ఎవరినీ వెనకేసుకు రాను.

ఆ మధ్య ఒకబ్బాయి మా ఆఫీసుకొచ్చాడు. చేతిలో కోర్టు కాగితాలు, మడత సరిగ్గా విప్పనైనా లేదు. ఫోను మాత్రం తెరిచి నా ముందు పెట్టాడు. "చూడండి మేడమ్, ఎంత బతిమాలానో!" చూశాను. కాగితం అందిన రాత్రే భార్యకి నలభైకి పైగా మెసేజీలు. మొదట్లో క్షమించమని. మధ్యలో "మీ నాన్న సంగతి చూస్తా". తెల్లవారుజామున మళ్ళీ "బంగారం, ఒక్కసారి ఫోనెత్తు". కాగితం మడత విప్పితే, ఆమెతో ఏ రకంగానూ మాట్లాడకూడదని మధ్యంతర ఉత్తర్వు. అతను బతిమాలడమనుకున్నది చట్టం లెక్కలో రక్షణ ఉత్తర్వును మీరడం. గృహహింస చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అసలు కేసు ఎటు తేలేదో గాని, ఈ కొత్త కేసు తన చేతులారా తెచ్చుకున్నాడు.

"కేసు పడింది" అంటూ వస్తారు. ఏ కేసయ్యా అంటే తెలీదు. జనం నోట్లో అన్నీ 498ఏ లే, అంటే అత్తింటి వేధింపుల క్రిమినల్ కేసులే. 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర పడేది డీవీసీ, అంటే డొమెస్టిక్ వయొలెన్స్ కేసు. అందులో మీరు ముద్దాయి కాదు, ప్రతివాది. ఆ దరఖాస్తు పడినంత మాత్రాన అరెస్టు చేయరు, బెయిలు అక్కర్లేదు. లాయరుతో వకాలత్ వేయించి, వాయిదాకి వెళ్ళి, కౌంటరు, అంటే మీ జవాబు, దాఖలు చేయాలి. వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీ. ఇల్లు, ఖర్చులు, పిల్లల సంగతి మీ మాట వినకుండానే తేలిపోతాయి. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు. పాటించడం మానేస్తే మాత్రం నష్టం మీకే.

పోలీసు స్టేషన్లో పడేది వేరు. పాత 498ఏ, 2024 జూలై 1 నుంచి, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. మూడేళ్ళ దాకా శిక్ష, నాన్‌బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇవ్వాలి. ఆ మాట వినగానే హడలిపోయి ఊరొదిలేస్తారు. వద్దు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఏడేళ్ళ దాకా శిక్ష ఉండే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణం రాయాలి, అవసరం లేకపోతే హాజరు కమ్మని నోటీసివ్వాలి. మేమింకా అలవాటుకొద్దీ 41ఏ నోటీసనే అంటాం, సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త కోడ్, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3). చెప్పిన తేదీకి వెళితే మామూలుగా ఇంటికి తిరిగొస్తారు. తప్పించుకు తిరిగితే అదే అరెస్టుకి కారణమవుతుంది.

ఇంకో తమాషా. పాత సీఆర్పీసీలో కేసు కొట్టేయమని (క్వాష్) హైకోర్టుకెళ్ళే సెక్షను 482. కొత్తదాంట్లో 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్ 528కి మారింది. పాత వీడియోలు చూసొచ్చి "482 వేసేయండి మేడమ్" అనేవాళ్ళని, బాబూ ఏది కావాలి, అని అడగాల్సొస్తోంది.

క్వాష్ మీద మరీ ఆశ పెట్టుకోకండి. నిజమే, 2024 డిసెంబరులో, తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎవరేం చేశారో చెప్పకుండా ఇంటిల్లిపాదినీ ఇరికించడం కుదరదంది. ఎక్కడో బెంగళూరులో ఉద్యోగం చేసుకునే ఆడపడుచు పేరు ఇందులో చేరితే ఆ తీర్పు పనికొస్తుంది. అయితే, నిజంగా హింస పడ్డ స్త్రీ నోరు మూసుకోవాలని తమ ఉద్దేశం కాదని అదే తీర్పులో రాశారు. వాట్సాప్ ఫార్వర్డుల్లో ఆ వాక్యం ఉండదు.

అమెరికాలో అబ్బాయి ఉన్నవాళ్ళకు ఒక మాట. అక్కడ కోర్టు మాట్లాడొద్దంటే, గుంటూరు నుంచి అత్తగారు రాయబారానికి ఫోను చేసినా చాలాసార్లు ఉల్లంఘన కిందే లెక్క. అక్కడి పౌరుడు కానివాడికి రక్షణ ఉత్తర్వును మీరితే దేశం నుంచి పంపేసే ప్రమాదం కూడా ఉంది.

చెయ్యి చేసుకుని ఉంటే లాయరుకి నిజం చెప్పండి. "చిన్న చెంపదెబ్బే మేడమ్" అంటారు. చెంపదెబ్బకి సైజులుంటాయా? జీతం దాచొద్దు. భార్య పోషణ ఖర్చులు అడిగిన కేసుల్లో ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో చూపాలని 2020లో సుప్రీంకోర్టు నియమం పెట్టింది. ఉద్యోగం పోయిందని అందులో రాసినవాళ్ళని బ్యాంకు స్టేట్‌మెంటే పట్టిస్తుంది. మెసేజీలు చెరపొద్దు, ఫోను మార్చొద్దు. మీకు పనికొచ్చేవీ అందులోనే ఉంటాయి. ఫీజుకి డబ్బుల్లేవా? ఉచిత న్యాయ సహాయం ఆడవాళ్ళకే కాదు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు, తక్కువ ఆదాయం ఉన్న మగవాళ్ళకు కూడా ఉంది. న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోను చేయండి.

సారె సామాను దగ్గర గొడవలు ఎక్కువ. అది ఆమె స్త్రీధనం, ఆమెకే చెందే ఆస్తి. మొదట చెప్పానే, ఆ మెసేజీల అబ్బాయి వాళ్ళింట్లో మంచం, బీరువా, ఇత్తడి బిందెలు వరండాలో పెట్టించి, ఫొటోలు తీయించి, లిస్టు రాయించాను. గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారి ఎదుట అప్పగించి సంతకం తీసుకోమన్నాను. వాళ్ళమ్మగారు లిస్టు చివరిదాకా చదివి, వంటింటి వైపు చూశారు.

"ఆ గంగాళం కూడానా అమ్మా? రోజూ నీళ్ళు కాచుకునేది."

"అదీ రాయండి" అన్నాను.