ఒంటిముల్లు గడియారం ఉన్న చోట

శ్రోతలకు నమస్కారం.

పబ్బు అనగానే మన హైదరాబాదులో చాలామంది మనసులో మెదిలేవి మసక చీకటి, రంగుల దీపాలు, చెవిలో అరిస్తే గాని మాట వినపడనంత సంగీతం. ఇవాళ నేను చెప్పబోయే పబ్బులో పాట లేదు, టీవీ లేదు. గోడ మీద ఒక పాత గడియారం మాత్రం ఉంది. దానికి ఒకటే ముల్లు. గంట ఎంతయిందో చూపిస్తుంది, నిమిషాల జోలికి పోదు.

ఆ పబ్బు పేరు బెల్. ఇంగ్లండులోని బెర్క్‌షైర్ ప్రాంతంలో, ఆల్డ్‌వర్త్ అనే చిన్న పల్లెలో ఉంది. రెండున్నర శతాబ్దాలుగా ఒకే కుటుంబం తరతరాలుగా దాన్ని నడుపుతోంది. మా అబ్బాయి అక్కడికి దగ్గర్లోని రెడింగ్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. నేను కలిసినవాళ్లందరూ లండన్ చూశారు, స్టోన్‌హెంజ్ చూశారు. రైల్లో కాసేపు వెళ్లి, ఆపైన నడిస్తే వచ్చే ఈ పల్లె సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే ఈ కబురు చెప్పాలనిపించింది.

అక్టోబరు నెల, ఆదివారం. నేను, మా అబ్బాయి, కోడలు గోరింగ్ స్టేషన్లో దిగి, థేమ్స్ వంతెన దాటి, రిడ్జ్‌వే అనే కాలిబాట పట్టుకున్నాం. వేల ఏళ్లుగా మనుషులు నడుస్తున్న బాట అది. మొత్తం పొడవు 87 మైళ్లు. మేము నడిచింది అందులో చిటికెడు. తెల్లటి సుద్దనేల, కోత అయిపోయిన చేలు, ముఖాన కొట్టే చలిగాలి. కారులో వెళితే తొందరగానే చేరవచ్చు. కానీ కారు నడిపేవాళ్లు తాగకూడదు, అది అక్కడి చట్టం కన్నా ముందు మన బుద్ధికి తెలియాల్సిన విషయం. పైగా పల్లె పబ్బుకు నడిచి వెళ్లడంలో ఉన్న సుఖం వేరు. ఆకలి, దాహం, చలి, మూడూ పండి ఉండగా ఆ తలుపు తీయాలి.

పబ్బు అనేది పబ్లిక్ హౌస్ అన్న మాటకు పొట్టి రూపం. పదిమందికీ తలుపు తీసి ఉంచిన ఇల్లు అని చెప్పుకోవచ్చు. ఒకప్పుడు నిజంగానే అవి ఇళ్లు. పాతకాలంలో ఇంగ్లండు పల్లెల్లో ఏల్ అనే ఒక రకం బీరు తయారీ చాలావరకు ఆడవాళ్ల పని. ఇంటి అవసరానికి కాచుకోగా మిగిలింది అమ్మేవారు. ఏల్ సిద్ధంగా ఉందని తెలియడానికి వాకిట్లో ఒక గెడకు ఆకుల కొమ్మ కట్టేవారు. 1393లో రెండో రిచర్డ్ రాజు కాలంలో, అమ్మకానికి ఏల్ కాచేవాళ్లు గుర్తు వేలాడదీయాలన్న కట్టడి వచ్చింది. అందరికీ చదువు రాని కాలం కాబట్టి అక్షరాలకన్నా బొమ్మలే దారి చూపేవి. ఎర్ర సింహం, కిరీటం, తెల్ల దుప్పి, గంట. ఊరూరా కనిపించే రాయల్ ఓక్ అనే పేరు వెనక ఒక కథ ఉంది. 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిన రెండో చార్లెస్ రాజు, శత్రు సైనికులు వెతుకుతుంటే బోస్కోబెల్ దగ్గర ఒక ఓక్ చెట్టు కొమ్మల్లో పగలంతా దాక్కుని బతికి బయటపడ్డాడు. ఆ చెట్టు ఇప్పటికీ పబ్బుల బోర్డుల మీద పచ్చగా ఉంది.

బెల్ తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే నాకు ముందు అందింది కట్టెల పొగ వాసన. కిందికి దిగి ఉన్న పైకప్పు, నల్లబడిన దూలాలు, కూర్చుని కూర్చుని నున్నబడిపోయిన చెక్క బల్లలు. మనం అనుకునే పొడవాటి కౌంటర్ అక్కడ లేదు. గోడలో అద్దాలు బిగించిన చిన్న కిటికీ ఉంది. దాని దగ్గరికి మనమే వెళ్లి అడగాలి. ఇది బెల్ ఒక్కదాని పద్ధతే కాదు. పల్లె పబ్బుల్లో ఎవరూ మన బల్ల దగ్గరికి వచ్చి ఏం కావాలని అడగరు. వెళ్లి చెప్పుకుని, అప్పుడే డబ్బు ఇచ్చి, గ్లాసు చేత్తో పట్టుకుని రావాలి. వరసలో నిలబడరు గానీ, ఎవరి తరవాత ఎవరన్నది లోపల ఉన్నవాళ్లకూ బయట ఉన్నవాళ్లకూ తెలుసు. వంతు తప్పి ముందుకు జరిగితే ఎవరూ ఏమీ అనరు. ఆ అనకపోవడమే చాలు. బక్షీసు ఇచ్చే అలవాటు లేదు. పోసినవాళ్ల మీద అభిమానం కలిగితే, "మీరూ ఒకటి తీసుకోండి" అని దాని ఖరీదు కూడా కలిపి ఇస్తారు. మర్యాద అలా గ్లాసు రూపంలోనే ఉంటుంది.

ఏల్ పోయడం దగ్గర్నుంచి చూశాను. అది చూడదగిన పని. గోడ దగ్గర నిలువు పిడి ఉన్న చేతి పంపు ఉంది. కింద గ్లాసు పెట్టి, పిడిని నెమ్మదిగా, ఆగకుండా ముందుకు లాగారు. మన వీధి బోరింగు కొట్టినట్టు టకటకా కొడితే కుదరదు. లాగిన ప్రతిసారీ గ్లాసులో మొదట మబ్బులా తెల్లగా తిరిగి, ఆ మబ్బు కింది నుంచి విడిపోతూ, గోధుమ రంగు తేరుకుంటూ పైకి వస్తుంది. చివరికి పైన వేలి మందం నురగ నిలిచింది. ఒక పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. నేను అందులో సగమే అడిగాను. సగం అడిగితే చిన్నతనమేమీ లేదు.

స్విండన్ పట్టణంలో 1843 నుంచి ఉన్న ఆర్కెల్స్ వాళ్ల ఏల్ అది. పలుచటి టీ డికాషన్‌ను వెలుతురుకు పట్టి చూస్తే ఎలా ఉంటుందో ఆ రంగు. ఇంగ్లండులో ఏల్ వెచ్చగా ఇస్తారని చాలామంది అంటారు. వెచ్చగా కాదు. 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేసవిలో మట్టికుండ నీళ్ల చల్లదనం తెలిసినవాళ్లకు ఆ తీరు వెంటనే తెలుస్తుంది. ఫ్రిజ్‌లోని సీసా నాలుకను మొద్దుబారుస్తుంది, కుండ రుచిని నిలుపుతుంది. మొదటి గుక్కలో వేయించిన గింజల కమ్మదనం, మింగాక గొంతు దగ్గర మెంతుల చేదు వంటి చేదు. తీపీ చేదూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి.

ఆ కమ్మదనం బార్లీది. గింజలు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్టు. మన ఇళ్లలో రాగులు మొలకకట్టి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించడం గుర్తు తెచ్చుకోండి. దారి అదే. చేదు హాప్స్ అనే తీగ పూలది. ఆ పూలు 15వ శతాబ్దంలో సముద్రం అవతలి నుంచి ఇంగ్లండుకు వచ్చాయి. అంతకు ముందు ఏల్‌లో ఆ చేదు లేదు. మన దేశం పేరుతో ఇండియా పేల్ ఏల్ అని ఒక రకం ఉంది. కంపెనీ కాలంలో ఇక్కడున్న ఆంగ్లేయుల కోసం ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసిన ఏల్ పేరు అది. దారిలో పాడవకుండా హాప్స్ దండిగా వేసేవారు.

నేను అసలు చెప్పదలచుకున్నది మాత్రం నేలమాళిగలో ఉంది. పబ్బు కింద ఉండే ఆ చల్లటి గదిలో ఏల్ పీపాల్లో ఉంటుంది, ప్రాణంతో ఉంటుంది. తయారీ పూర్తికాకముందే దాన్ని పీపాలో పోసి పంపిస్తారు. లోపల ఈస్టు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పబ్బు యజమాని పీపాను కదలకుండా పడుకోబెట్టి, పైన మెత్తటి చెక్క మేకు దిగ్గొట్టి, ఊపిరి తీసుకోనిస్తాడు. నురగ పొంగడం తగ్గాక గట్టి మేకు మారుస్తాడు. మడ్డి అడుగుకు దిగి తేటపడేదాకా ఓపిక పడతాడు. ఒకరోజు ముందు తీస్తే ముడిగా ఉంటుంది. తెరిచాక మూడు రోజులు దాటితే పులుపు మొదలవుతుంది.

శాకాహారులకు ఇక్కడ ఒక మాట. మడ్డి త్వరగా దిగడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం కలపడం పాత పద్ధతి. ఇప్పుడు అది లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు. అడిగితే చెబుతారు. మా కోడలు శాకాహారి, తాగదు కూడా. అల్లం రుచి ఘాటుగా ఉండే జింజర్ బీరు తీసుకుంది. పేరులో బీరు ఉన్నా, అక్కడ సీసాల్లో ఇచ్చేది సాధారణంగా మత్తు లేని పానీయమే.

కల్లు సంగతి మనకు తెలుసు కదా. తెల్లవారుజామున దింపిన ఈతకల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. దాన్ని దాచలేం. పీపా ఏల్ కూడా అలాంటిదే. మామూలుగా వాడే పీపాలో 72 పైంట్లు పడతాయి. మూడు రోజుల్లో ఆ 72 పైంట్లూ అమ్ముడు కావాలి. అంటే ఆ ఊళ్లో అంతమంది ఆ తలుపు తీయాలి. జనం రాని పబ్బులో యజమాని ఎంత నేర్పరి అయినా మంచి ఏల్ ఇవ్వలేడు. నా చేతిలో ఉన్న గ్లాసు తేటగా, తాజాగా ఉందంటే, నాకంటే ముందు ఆ రెండు మూడు రోజుల్లో ఆ ఊరివాళ్లు, దారినపోయేవాళ్లు వచ్చి ఆ పీపాను నడిపించారన్న మాట. వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్ల రాకపోకల రుచి నా నాలుక మీద ఉంది.

ఒక దశలో ఈ పద్ధతి అంతరించేటట్టే కనిపించింది. 1960లలో పెద్ద కంపెనీలు ఏల్‌ను వడగట్టి, వేడిచేసి, ఈస్టును చంపి, గ్యాసు ఎక్కించి, కెగ్ అనే మూసిన పీపాల్లో పంపడం బాగా పెంచాయి. చూసుకునే పని లేదు, పాడయ్యే భయం లేదు, రుచీ లేదు. 1971లో సెలవుల కోసం ఐర్లండు వెళ్లిన నలుగురు ఆంగ్ల యువకులు అక్కడి డన్‌క్విన్ అనే ఊరి పబ్బులో కూర్చుని, ప్రాణమున్న ఏల్ కోసం ఒక ఉద్యమం మొదలుపెట్టాలనుకున్నారు. అదే కామ్రా. నిజమైన ఏల్ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది వాళ్లే. ఆ సంస్థ ఏటా ఇచ్చే జాతీయ ఉత్తమ పబ్బు బిరుదు బెల్‌కు రెండుసార్లు వచ్చింది, 1990లో ఒకసారి, 2019కి మరోసారి.

తిండి సంగతికి వస్తే, బెల్‌లో పెద్ద జాబితా లేదు. వేడివేడి గుండ్రటి రొట్టెలు ఉంటాయి. పైన కరకర, లోపల దూది. మధ్యలో జున్ను, అంటే చీజ్ గానీ, మాంసం గానీ పెడతారు. నేను నీలి చారలున్న స్టిల్టన్ జున్ను అడిగాను. వాసన గట్టిదే. వేడికి అంచుల్లో కరిగి వేళ్లకు అంటుకుంది. ఉప్పటి జున్ను మీద చేదైన ఏల్ పడితే ఆవకాయ ముద్ద మీద నెయ్యి పడ్డంత పొందిక. వేరే పబ్బుల్లో అయితే ఆదివారం మధ్యాహ్నం రోస్టు భోజనం ఉంటుంది. కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, గ్రేవీ, దాన్ని పీల్చుకోవడానికి గిన్నెలా పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగు. ప్లౌమన్స్ లంచ్, అంటే రైతు భోజనం, అని జున్నూ రొట్టే ఊరగాయా కలిపి ఇస్తారు. పొలం పనివాళ్లు జున్నూ రొట్టే ఏల్‌తో తినడం ఎప్పటినుంచో ఉన్నదే గానీ, ఆ పేరును ఊరూరా పాకించింది మాత్రం 1950ల తరవాత జున్ను అమ్మకాలు పెంచాలనుకున్నవాళ్లు.

మేము రొట్టెలు తింటుంటే పక్క బల్ల మీదున్న పెద్దాయన కాస్త జరిగి, నిప్పు దగ్గరగా కూర్చోమన్నారు. కాళ్ల దగ్గర ఆయన కుక్క నిద్రపోతోంది. పబ్బు తోట పక్కనే ఊరి క్రికెట్ మైదానం ఉంది. అందుకేనేమో మాట క్రికెట్ మీదికి మళ్లింది. ఏ ఊరని అడిగారు. హైదరాబాదు అన్నాను. "లక్ష్మణ్ ఊరు" అన్నారు వెంటనే. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ కొట్టిన 281 పరుగులు ఆయనకు నిన్న చూసినట్టు గుర్తున్నాయి. ద్రావిడ్ పేరు నేను అందించాను. ఆ తరవాత గంటసేపు నేను పరాయి దేశంలో ఉన్నానన్న ఆలోచనే రాలేదు.

ఆయనే చెప్పారు, చుట్టుపక్కల ఊళ్లలో పబ్బులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయని. బ్రిటన్ మొత్తంలో 2000 ప్రాంతంలో దాదాపు 60 వేల పబ్బులుండేవి. ఇప్పుడు 45 వేల దాకా మిగిలాయి. పన్నులు, అద్దెలు పెరిగాయి. బజారులో సీసాలు చవక. బడి, పోస్టాఫీసు పోయాక చివరికి పబ్బు కూడా పోతే, ఊళ్లో మనిషి మనిషిని కలిసే చోటే ఉండదు. రచ్చబండ మీద నీడ కరవైన ఊళ్లు చూసినవాణ్ని కాబట్టి ఆ దిగులు నాకు అర్థమైంది. అయితే ఊరుకోని ఊళ్లూ ఉన్నాయి. ఉత్తరాన కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ అనే పల్లెలో జనం తలా కొంత వేసుకుని 2003లో తమ ఓల్డ్ క్రౌన్ పబ్బును సహకార పద్ధతిలో కొనుక్కున్నారు. అంతకు ముందే, 1999లో, దానికి ఏల్ ఇచ్చే బట్టీని కూడా అలాగే కొనుక్కున్నారు. యార్క్‌షైర్‌లో 1,732 అడుగుల ఎత్తున ఉన్న టాన్ హిల్ పబ్బు బ్రిటన్‌లోకెల్లా ఎత్తయినది. 2021 నవంబరులో మంచు తుఫానుకు దారులు మూసుకుపోతే, అక్కడికి వచ్చినవాళ్లు 60 మందికి పైగా మూడు రాత్రులు అందులోనే ఉండిపోయారు. పాటలు పాడుకుని, కలిసి తిని, పరుపులు నేల మీద పరుచుకుని పడుకున్నారు. పదిమంది ఇల్లు అన్న మాటకు అంతకన్నా ఋజువు ఏం కావాలి?

ఒంటిముల్లు మూడు దగ్గరికి జరుగుతుంటే లేచాం. ఖాళీ గ్లాసులు మనమే తీసుకెళ్లి కిటికీ దగ్గర పెట్టడం మంచి పద్ధతి. మా అబ్బాయి ఆ పని చేశాడు. తలుపు దగ్గర పెద్దాయన చెయ్యి కలిపి, "వచ్చే ఆదివారం కూడా రండి" అన్నారు. గురువారమే హైదరాబాదు విమానం ఎక్కుతున్నానని చెప్పాను. ఆయన మా అబ్బాయి వైపు తిరిగి, "అయితే మీ నాన్నగారి వంతు మీరు రావాలి" అన్నారు.

సెలవు.