అటక మీది యంత్రాలు: బాగుచేయాలా, మార్చాలా, ఇచ్చేయాలా?

సభకు విచ్చేసిన పెద్దలకు, చేతిపని మీద మక్కువతో వచ్చిన యువ మిత్రులకు నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్న కరెంటు చిత్రికను ఒకసారి చూడండి. కట్టెను నునుపు చేసే, 82 మిల్లీమీటర్ల బ్లేడు పట్టే మామూలు చేతి ప్లేనరు ఇది. మా పక్కింటాయన ఇంట్లో అటక మీద మూడేళ్లు పడుకుంది. మోటారు కాలిపోయిందని, పాత ఇనుప సామాన్లవాడికి వేసేద్దామనుకుంటున్నానని చెబుతూ ఆయన దీన్ని నా చేతిలో పెట్టారు. విప్పి చూస్తే కాలిన వాసన లేదు, తీగల మీద నల్లమచ్చ లేదు. రెండు కార్బన్ బ్రష్‌లు మాత్రం చింతగింజంత మిగిలాయి. వాటిని మార్చగానే మోటారు తిరిగింది. అయితే తిరుగుతున్నంత మాత్రాన దీన్ని ఆయనకు తిరిగి ఇచ్చేయలేదు. ఎందుకు ఇవ్వలేదో చివర్లో మీ ముందే విప్పి చూపిస్తాను.

అరిగిపోవడం, చచ్చిపోవడం, ప్రమాదకరంగా మారడం అనే మూడు వేరువేరు స్థితులను మనం ‘పాడైపోయింది’ అనే ఒక్క మాటతో సరిపెడతాం. అరిగినదాన్ని చచ్చిందనుకుని పారేస్తాం. ప్రమాదకరంగా మారినదాన్ని, ఇంకా తిరుగుతోంది కదా అని, ఎవరికో ఒకరికి ఉదారంగా ఇచ్చేస్తాం. ఈ రెండు పొరపాట్లలో రెండోది పెద్దది.

ముందు అరుగుదల సంగతి చూద్దాం. ఇళ్లలో వాడే వైరు ఉన్న డ్రిల్లు, ప్లేనరు, వంపులు కోసే జిగ్ సా, గుండ్రటి బ్లేడు ఉండే సర్క్యులర్ సా, చేతి గ్రైండరు అన్నింటిలోనూ ఎక్కువగా ఉండేది యూనివర్సల్ మోటారే. వంటింటి మిక్సీలో ఉండేదీ ఇదే జాతి. తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించడానికి దాని చివర రాగి పలకల కమ్యుటేటర్ ఉంటుంది. దానికి ఇరువైపులా స్ప్రింగులు నొక్కిపెట్టిన రెండు కార్బన్ ముక్కలు రాసుకుంటూ ఉంటాయి. రాగి అరగకూడదు కాబట్టి కార్బన్‌ను అరిగేలా చేశారు. చెప్పుల అడుగు అరిగినట్టు అది అరగవలసిన భాగమే, దాని అరుగుదలను జబ్బుగా చూడనక్కరలేదు. చాలా బ్రష్‌ల పక్కన ఒక గీత ఉంటుంది; అరుగుదల ఆ గీతను చేరితే మార్చాలి. గీత లేకపోతే ఆరు మిల్లీమీటర్లకు దిగినప్పుడు మార్చేయడం నా అలవాటు. కొన్ని బ్రష్‌లలో లోపల ఒక చిన్న పుల్ల దాగి ఉంటుంది. అరుగుదల హద్దు దాటగానే అది బయటికి పొడుచుకొచ్చి, కార్బన్‌ను రాగికి దూరంగా నెట్టి, యంత్రాన్ని ఆపేస్తుంది. కమ్యుటేటర్‌ను కాపాడటానికి చేసిన ఏర్పాటు అది. నిన్నటిదాకా బ్రహ్మాండంగా పనిచేసిన మిషను ఈ రోజు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే, యజమాని మోటారు కాలిపోయిందనుకుంటాడు. నిజానికి ఆ యంత్రం తనను తాను కాపాడుకుంది.

బ్రష్‌లు మార్చేటప్పుడు రెండూ కలిపే మార్చాలి. పాతవాటిని జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి. పొడవు అరిగిపోయినా వెడల్పు, మందం మారవు కాబట్టి సైజు అక్కడే తేలిపోతుంది. సికింద్రాబాదు రాణీగంజ్‌లోగానీ, కోఠీ ట్రూప్ బజారులోగానీ నమూనా చూపిస్తే సాధారణంగా జత దొరుకుతుంది. కొత్త బ్రష్ కొస చదునుగా ఉంటుంది, కమ్యుటేటర్ గుండ్రంగా ఉంటుంది. అందుకని కట్టె మీద పెట్టకుండా కొన్ని నిమిషాలు ఖాళీగా తిప్పితే కార్బన్ ఒంపు తిరిగి చక్కగా కూర్చుంటుంది. ఆ సమయంలో చిన్నచిన్న నీలి మెరుపులు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. కమ్యుటేటర్ చుట్టూ నిప్పుల వలయం తిరుగుతూ, దానికి తోడు వార్నిషు మాడిన వాసన వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. అప్పుడు కథ ఆర్మేచర్ దాకా వచ్చిందన్నమాట.

మన ఊళ్లలో మోటారు వైండింగు షాపు లేని మండల కేంద్రం అరుదు. వ్యవసాయ పంపుసెట్లు మనకు ఇచ్చిన సంపద అది. అయితే పంపుసెట్టు మోటారు వేరు, చేతి యంత్రం మోటారు వేరు. పంపుసెట్టులో తీగ చుట్టి ఉండేది కదలని భాగంలో. తిరిగే భాగం నిమిషానికి మూడు వేల చుట్లకు మించదు. ప్లేనరు ఆర్మేచర్ మీద సన్నటి తీగ ఉంటుంది, పైగా అది నిమిషానికి పదిహేను వేల చుట్లకు పైగా తిరుగుతూ ఉంటుంది. కొత్తగా చుట్టినప్పుడు బరువు ఒక పక్కకు కాస్త ఎక్కువైనా అదురు మొదలవుతుంది, ఆ అదురుకు బేరింగులు పోతాయి. అందువల్ల ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డు కాయిలు పోతే వైండింగు చేయించమనే చెబుతాను. ఆర్మేచర్ పోతే, దొరికినంతవరకు కొత్తదే కొనమంటాను. చుట్టించక తప్పకపోతే, బ్యాలెన్సింగు చేస్తారా అని అడిగి మరీ ఇవ్వండి. ఆ ప్రశ్నకు నవ్వే షాపులో ఇవ్వకండి.

బేరింగుల విషయం సులువు. పక్కన చెక్కి ఉన్న సంఖ్యే దాని జాతకం. 608 అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. ఏ కంపెనీది కొన్నా కొలత అదే. షాఫ్టు మీదికి దించేటప్పుడు లోపలి వలయం మీదనే ఒత్తిడి పెట్టాలి. బయటి వలయం మీద సుత్తితో కొడితే గుండ్లు నొక్కుకుపోయి కొత్త బేరింగు తొలిరోజే పాతదవుతుంది. ఇక, పిడి దగ్గర వంగి వంగి లోపల తెగిపోయిన వైరు, పొట్టు దూరి బిగుసుకున్న స్విచ్చి లాంటివి గంటలో తేలిపోయే పనులు. అన్నిటికంటే ముందు వీటినే చూడాలి.

మరి ఎప్పుడు మార్చేయాలి? మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనుక్కోవాలని ఒక లెక్క వాడుకలో ఉంది. దాన్ని నేను పూర్తిగా నమ్మను. పాత యంత్రపు గేర్ల పెట్టె లోహంతో చేసినదై, అదే ధరకు ఇప్పుడు దొరికేది ప్లాస్టిక్కుదైతే, సగం దాటినా మరమ్మతే లాభం. విడిభాగాలు దొరుకుతాయా అన్నది ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్న. అందుకే కొత్తది కొనేవారు ఆ మోడలు విడిభాగాల పటం కంపెనీ ఇస్తుందో లేదో చూసుకుని, దాని బ్రష్‌లు మన బజారులో ఉన్నాయో లేదో కనుక్కుని కొనాలి. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. 1958లో జపానులో కరెంటు చిత్రికను తయారుచేసి అమ్మిన మకితా కంపెనీ 1915లో నగోయా నగరంలో మొదలైంది మోటార్లు అమ్మే, బాగుచేసే దుకాణంగానే.

బ్యాటరీ యంత్రాల లెక్క వేరు. 18 వోల్టుల పెట్టెలో 3.6 వోల్టుల లిథియం వరుసలు ఐదు ఉంటాయి. నిండా చార్జి అయినప్పుడు ఒక్కొక్కటి 4.2 వోల్టులకు చేరి మొత్తం 21 అవుతుంది. కొన్ని పెట్టెల మీద ‘20 వోల్ట్ మ్యాక్స్’ అని రాయడంలోని మర్మం ఇంతే, అందులో అదనపు బలం ఏమీ లేదు. ఐదింటిలో ఒకటి నీరసిస్తే మొత్తం పెట్టె నీరసిస్తుంది. దాన్ని విప్పి ఇంట్లో టంకం పెట్టే సాహసం చేయవద్దు. ఆ వేడికి సెల్లు లోపలి పొరలు దెబ్బతిని నిప్పు అంటుకోవచ్చు. నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగు చేసే యంత్రం ఉన్నవారే ముట్టుకోవలసిన పని అది. ఇంకొక సంగతి, బ్యాటరీలను అటక ఎక్కించకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నారు. రేకుల కింద అటక మీద లిథియం సెల్లు గతి చెప్పాలా? సగం చార్జితో, ఇంట్లో చల్లగా ఉండే చోట ఉంచితే ఎక్కువ కాలం మన్నుతుంది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు తిరిగి వచ్చేటప్పుడు యంత్రాలు తెచ్చుకోవడం, ఇక్కడివారికి బహుమతిగా ఇవ్వడం ఈ మధ్య ఎక్కువైంది. మా మేనల్లుడు అమెరికా నుంచి ఒక సర్క్యులర్ సా తెచ్చి, మా ఇంట్లోనే సాకెట్టులో పెట్టి మీట నొక్కాడు. రెండు క్షణాలు అది విమానంలా అరిచింది, మూడో క్షణంలో పొగ వచ్చింది. “అడాప్టరు పెడితే ప్లగ్గు పట్టింది కదా మామయ్యా!” అన్నాడు. అడాప్టరు మార్చేది పిన్నుల ఆకారాన్నే గాని కరెంటును కాదు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. అలాంటివి వాడాలంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 15 ఆంపియర్ల యంత్రం 1800 వోల్ట్ ఆంపియర్లు లాగుతుంది, మోటారు మొదలయ్యేటప్పుడు అంతకంటే ఎక్కువే లాగుతుంది కాబట్టి 3000 సామర్థ్యం ఉన్నది తీసుకోవడం మేలు. యూనివర్సల్ మోటారుకు అక్కడి 60 సైకిళ్ల కరెంటైనా ఇక్కడి 50 సైకిళ్లదైనా ఒకటే. పంపుసెట్టు మాదిరి ఇండక్షన్ మోటారు ఉన్న పెద్ద టేబుల్ సా అయితే ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, పైగా వేడెక్కుతుంది. బ్యాటరీలు తెచ్చేవారు వాటిని విడిగా చేతిసంచిలోనే పెట్టుకోవాలి. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల పెట్టె 90 వాట్ అవర్లు. విమానాల్లో మామూలుగా అనుమతించే 100 హద్దుకు లోపే ఉంటుంది.

ఇప్పుడు ఇచ్చేయడం గురించి. మన ఇళ్లలో దసరాకు ఆయుధ పూజ చేసి, బొట్టు పెట్టిన పనిముట్టును ‘మనకెందుకు, వడ్రంగికి ఇచ్చేద్దాం’ అనుకోవడం మామూలే. ఆ మాటలో మంచితనంతో పాటు కాస్త చిన్నచూపు కూడా ఉందని నా అభిప్రాయం. వడ్రంగి రోజంతా పనిచేయించే మనిషి, మనం కొన్నది అడపాదడపా వాడుకునే రకం. ఆయన చేతిలో అది నెలలో వేడెక్కి పోతుంది, ఆ రోజు ఆయన కూలి పోతుంది. పైగా 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగం కూడా ఉంది; నమోదై అర్హత పొందినవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం అందుతుంది. ఆ దరఖాస్తు నింపడంలో తోడ్పడితే మన పాత డ్రిల్లు కంటే ఆయనకు ఎక్కువ ఉపకారం చేసినవాళ్లమవుతాం. ఇంటి యంత్రం ఇంకొక ఇంటికి, మనలాగే ఆదివారం పూట స్టూలో, పుస్తకాల అరో చేసుకునేవారికి, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి వెళ్లాలి.

ఎవరికి ఇచ్చినా ఇవ్వకూడనివి కొన్ని ఉన్నాయి. మార్బుల్ కట్టరుకు చెక్క బ్లేడు బిగించి ప్లైవుడ్ కోయడం మన దగ్గర ఇంటింటి ఆచారమైపోయింది. రాయి కోయడానికి చేసిన ఆ యంత్రం నిమిషానికి పన్నెండు వేల చుట్లకు పైగా తిరుగుతుంది. సర్క్యులర్ సాకు ఉండే, స్ప్రింగుతో దానంతటదే మూసుకునే కింది కవచం దానికి ఉండదు. పళ్లున్న బ్లేడు కట్టెలో బిగుసుకుంటే యంత్రం మనిషి మీదికే ఎగురుతుంది. ఒకప్పుడు నేను కూడా అలాంటిదొకటి, ఉన్న పాటి గార్డు కూడా ఊడదీసి ఉన్నది, ‘జాగ్రత్త నాయనా’ అని చెప్పి ఒక కుర్రవాడికి ఇచ్చాను. అతని ఎడమ బొటనవేలికి ఏడు కుట్లు పడ్డాయి. జాగ్రత్త అని చెప్పిన మాట నన్ను ఏమాత్రం కాపాడలేదు. అప్పటినుంచి గార్డు లేనిది, గార్డు బిగుసుకుపోయినది, మీట వదిలినా ఆగనిది, లోహపు ఒళ్లుండి ఎర్తు వైరు తెగినది నా చేతి మీదుగా ఎవరి ఇంటికీ వెళ్లలేదు. బాగైతే చేస్తాను. కాకపోతే మొదట ప్లగ్గు, వైరు కోసేస్తాను, పాత సామాన్లలోంచి ఎవరో తీసి సాకెట్టులో పెట్టకుండా. ఆ తర్వాత ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి పంపుతాను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో డ్రిల్లులు, రంపాలు కూడా ఉన్నాయి. బ్యాటరీలకు 2022లోనే వేరే నిబంధనలు వచ్చాయి; వాటిని చెత్తబుట్టలో వేయకూడదు.

ఇవ్వదగినదాన్ని ఇచ్చేటప్పుడు చార్జరు, డ్రిల్లు బిట్టు బిగించే తాళంచెవి, పక్క పిడి, పొట్టు సంచి అన్నీ వెతికి ఇవ్వండి. డ్రిల్లు పక్క పిడి లేకుండా ఇస్తే తీసుకున్నవారి మణికట్టు దాని ఫలితం అనుభవిస్తుంది. ఒక కాగితం మీద బ్రష్ సైజు, ఎప్పుడు మార్చారు, బ్లేడు కొలత, ఆ యంత్రానికి ఉన్న పెడబుద్ధి ఏమిటి అన్నవి రాసి పెట్టెలో అతికించండి. నా జిగ్ సా కోత కాస్త ఎడమకు లాగుతుంది. ఆ ముక్క రాసే ఇచ్చాను. తీసుకున్న అమ్మాయి దాన్ని లెక్కలో పెట్టుకునే కోస్తోంది.

ఇక ఈ ప్లేనరు దగ్గరికి వద్దాం. దీని డ్రమ్ములో రెండు బ్లేడులు ఉంటాయి. ఒకటి ఎప్పుడో విరిగితే, దాని స్థానంలో ఎవరో వేరే రకం బ్లేడు, వేరే బరువుది, బిగించారు. ఒక పక్క బరువై, ఆ అదురుకే బ్రష్‌లు అంత తొందరగా అరిగాయని నా అనుమానం. బ్లేడును బిగించే ఒక మర కూడా సగం వదులుగా ఉంది. ఆ వేగంలో అది ఊడితే బ్లేడు ఎటు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. కొత్త జత తెచ్చాను. ముందు వరుసలోని వారు కొంచెం దగ్గరికి రండి, విప్పుదాం. అంతకంటే ముందు, ఎవరైనా ఒకరు గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు నిజంగా బయటికి తీసి ఉందో లేదో చూసి చెప్పండి.