ఫాలోవర్లు పదివేలు, పంక్చర్లు సున్నా

[టైటిల్ కార్డు ఇంకా రాలేదు. ప్రెజెంటర్ నేరుగా కెమెరాలోకి.]

"అన్నా, మా పేజీకి పదివేల మంది ఫాలోవర్లు దాటారు. అయినా బేరాలు లేవు. ఇంకా ఏం పోస్ట్ చెయ్యమంటారు?"

ఈ వారంలోనే ఈ ప్రశ్న నాకు రావడం నాలుగోసారి. నా జవాబు ఎవరికీ నచ్చదు కానీ చెప్తాను. ఏమీ పోస్ట్ చెయ్యొద్దు. ముందు వచ్చిన మెసేజ్‌కి జవాబివ్వండి. అలా అడిగినాయన పేజీకే వెళ్లి, కస్టమర్‌లా "ఈరోజు తెరిచి ఉంటుందా?" అని మెసేజ్ పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. "హాయ్" అని! తెరిచి ఉందో లేదో ఇప్పటికీ తెలీదు.

[టైటిల్ కార్డు]

అకౌంట్ ఎలా తెరవాలి, హ్యాష్‌ట్యాగ్ అంటే ఏంటి, అవన్నీ మీకు తెలుసు, నేను చెప్పను. నాకు చిరాకు తెప్పించే విషయం ఒక్కటే. ఫాలోవర్ అంటే కస్టమర్ అనుకోవడం.

ఒక సైకిల్ రిపేరు షాపు ఉందనుకుందాం. సైకిల్ షాపే ఎందుకంటే, గాలి పోయిన సైకిల్‌ని ఎవరూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లకి మించి తోసుకుంటూ రారు. ఆయన ఒక రీల్ చేశాడు. తుప్పు పట్టిన చైన్‌ని కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది రుద్ది మెరిపించాడు. చూడ్డానికి భలే ఉంది, నేనైతే రెండుసార్లు చూస్తాను. రీల్ వైరల్ అయింది, లక్షల మంది చూశారు, వేలమంది ఫాలో కొట్టారు. వాళ్లలో ఎంతమంది ఆ షాపుకి సైకిల్ తోసుకుంటూ వస్తారు? రీల్ ఎక్కడెక్కడి వాళ్లకో వెళ్లింది. రీల్స్ పనే అది, మనల్ని ఎరగని వాళ్లకి మనల్ని చూపించడం. మన వీధిలో వాళ్లకే చూపిస్తానని అది ఎవరికీ మాటివ్వలేదు.

అంటే ఫాలోవర్ల లెక్క అంటే ఏంటి? బస్సులో వెళ్తూ కిటికీలోంచి మన బోర్డు చదివినవాళ్ల లెక్క. బోర్డు బాగుందనుకున్నారు, బస్సు వెళ్లిపోయింది.

పైగా ఆ పదివేల మందికీ మీ పోస్టు వెళ్తుందా అంటే, అదీ లేదు. ఇన్‌స్టాగ్రామ్ 2016 దాకా పోస్టుల్ని వచ్చిన వరసలో చూపించేది. ఆ ఏడాది నుంచి ఎవరికి ఏది నచ్చుతుందో అంచనా వేసి అదే పైకి తెస్తోంది. 2022లో వరస పద్ధతి మళ్లీ ఇచ్చారు కానీ, చూసేవాళ్లు కావాలని ఎంచుకుంటేనే అది వస్తుంది. ఫేస్‌బుక్ అయితే 2018 జనవరిలో బాహాటంగానే చెప్పేసింది, ఇకమీదట స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకే పెద్దపీట, వ్యాపారాల పేజీలు తర్వాత అని. అయినా మనం ఇంకా ఫాలోవర్లని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

డబ్బులిచ్చి ఫాలోవర్లని కొనేవాళ్ల గురించి... వద్దులెండి, బీపీ పెరుగుతుంది. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మీ పోస్టులు ఎవరు, ఏ ఊళ్లో, ఏ టైమ్‌లో చూస్తున్నారో చెప్పే ఇన్‌సైట్స్ ఉంటాయి చూడండి, అవి దొంగ ఫాలోవర్లతో ఎందుకూ పనికిరాకుండా పోతాయి. మీ దగ్గరున్న ఒకే ఒక్క కొలతబద్దని మీరే విరగ్గొట్టుకుంటున్నారు.

[ప్రెజెంటర్ ఫోన్ పైకెత్తి చూపిస్తాడు.]

ఇప్పుడు అటువైపు నుంచి చూడండి. ఒకావిడ సైకిల్ టైరు రోడ్డు మధ్యలో పంక్చర్ అయింది. ఒక చేతిలో హ్యాండిల్, ఇంకో చేతిలో ఫోన్. ఎండకి స్క్రీన్ సరిగ్గా కనపడట్లేదు, బొటనవేలితోనే టైప్ చేస్తోంది. ఆవిడ రీల్స్ చూస్తుందా? మ్యాప్ తెరిచి "సైకిల్ రిపేరు" అని కొడుతుంది. ఆవిడకి కావల్సినవి మూడే. ఇప్పుడు తెరిచి ఉందా, ఎంత దూరం, ఫోన్ నంబరు ఏంటి. ఈ మూడూ చూపించేది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 నవంబరు దాకా దీని పేరు గూగుల్ మై బిజినెస్. పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఆ జాబితాలో ఎవరు పైన, ఎవరు కింద అన్నది ముఖ్యంగా మూడు విషయాల మీద ఉంటుందని గూగులే చెప్తుంది. వెతికిన పనికి మీ షాపు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు, షాపుని ఎత్తుకెళ్లలేం కదా! మిగతా రెండూ మన చేతిలో ఉన్నవే. మన సైకిల్ షాపాయన కేటగిరీ దగ్గర "సైకిల్ స్టోర్" అని పెట్టి వదిలేశాడనుకోండి. సైకిళ్లు అమ్మేవాళ్ల కోసం వెతికేవాళ్లకి కనిపిస్తాడు, పంక్చర్ పడ్డావిడకి కనిపించకపోవచ్చు. రిపేరు కేటగిరీ కూడా పెట్టాలి. ఐదు నిమిషాల పని. ఇది చెయ్యకుండా వారానికి ఆరు రీల్స్ చేసేవాళ్లని చూస్తే ఏమనాలో నాకు తెలీదు.

కొంతమంది అతి తెలివిగా షాపు పేరులోనే "బెస్ట్ సైకిల్ రిపేరు పంక్చర్ సర్వీస్ 24 గంటలు" అని గుచ్చేస్తారు. బోర్డు మీద ఏ పేరుంటే అదే పెట్టాలన్నది గూగుల్ నియమం. లేదంటే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం కూడా నిబంధనలకి విరుద్ధమే. మామూలుగా అడగండి, తప్పులేదు. పని బాగా జరిగి, కస్టమర్ సైకిల్ ఎక్కి పెడల్ తొక్కి చూసి నవ్విన ఆ క్షణంలో అడగండి. ఇంటికెళ్లాక ఎవరూ రాయరు.

ఫోటోల్లో ముందు పెట్టాల్సింది రోడ్డు అవతల నించుని తీసిన షాపు ఫోటో. ఆవిడ తోసుకుంటూ వచ్చేటప్పుడు గుర్తుపట్టాల్సింది అదే. షోకుగా తీసిన చైన్ క్లోజప్ తర్వాత. సెలవు రోజు షట్టర్ వేస్తే ప్రొఫైల్‌లో కూడా వెయ్యండి. అంత దూరం సైకిల్ తోసుకుంటూ వచ్చి మూసిన షట్టర్ చూసిన మనిషి రాసే రివ్యూ చాలా పొడుగ్గా ఉంటుంది.

సరే, ఆవిడకి షాపు దొరికింది. "ఎంతవుతుంది?" అని వాట్సాప్‌లో అడిగింది. అసలు వ్యాపారం ఇక్కడ మొదలవుతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లో వచ్చింది. అందులో చాలామంది వాడని మంచి సంగతి క్విక్ రిప్లై. రోజూ అడిగే ప్రశ్నలకి జవాబులు ముందే రాసి పెట్టుకుంటే, స్లాష్ గుర్తు (/) కొట్టగానే జాబితా వస్తుంది, ఒక్కటి నొక్కితే చాలు. చేతులకి గ్రీజు ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. షాపు మూసి ఉన్న టైమ్‌లో ఎవరైనా అడిగితే, "అవే (Away) మెసేజ్" అని పెట్టుకున్నది దానంతటదే వెళ్తుంది, "రేపు పొద్దున్న తొమ్మిదికి తెరుస్తాం" అని. కొత్తవాళ్లు, 14 రోజులుగా మాట లేనివాళ్లు మెసేజ్ పెడితే దానంతటదే వెళ్లే గ్రీటింగ్ మెసేజ్ ఇంకొకటి ఉంది. అందులో దయచేసి కవిత్వం రాయొద్దు. టైమింగ్స్, అడ్రస్ రాయండి.

ఇక బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపడం. "250 మందికి పంపించానన్నా, ఒక్కరూ చూడలేదు." చూడకపోవడం కాదండీ, వాళ్లకి వెళ్లనే లేదు! మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు. కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే రిపేరు అయ్యాక మన సైకిల్ షాపాయన అడగాల్సిన మాట "మా పేజీని ఫాలో అవ్వండి" కాదు, "నంబరు సేవ్ చేసుకోండి, ఆరు నెలలకి సర్వీసింగ్ గుర్తుచేస్తాను" అని. పదివేల ఫాలోవర్లకంటే అలా సేవ్ చేసుకున్న 200 నంబర్లు నాకిస్తే కళ్లకద్దుకుని తీసుకుంటాను.

అడక్కుండా గ్రూప్‌లో చేర్చెయ్యడం మాత్రం చెయ్యొద్దు. అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. చిరాకుపడి రిపోర్ట్ కొడితే మీ నంబరే పోయే ప్రమాదం ఉంది.

[ప్రెజెంటర్ వాచీ చూసుకుంటాడు.]

అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్పేస్తాను.

క్యూఆర్ కోడ్. దీన్ని 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ వాళ్లు తయారుచేశారు, కారు విడిభాగాల లెక్క కోసం. కాస్త గ్రీజు మరకైనా, గీత పడినా ఫోన్ దాన్ని చదవగలదు, తప్పులు సరిదిద్దుకునే అత్యధిక స్థాయిలో చేసిన కోడ్ అయితే దాదాపు 30 శాతం పాడైనా ఫర్వాలేదు. నేను ఒకసారి ఏదో ఉచిత వెబ్‌సైట్‌లో కోడ్ తయారుచేసి 500 కార్డులు ప్రింట్ చేయించాను. రెండు వారాల తర్వాత స్కాన్ చేస్తే "మీ ట్రయల్ ముగిసింది" అని వచ్చింది. ఆ కోడ్‌లో ఉన్నది నా లింకు కాదు, వాళ్ల లింకు. వాళ్లు తలుపేశారు, నా కార్డులు చిత్తు కాగితాలయ్యాయి. కాబట్టి నేరుగా మీ లింకే దాచుకునే స్టాటిక్ కోడ్ వాడండి, లేదా వాట్సాప్ బిజినెస్ ఇచ్చే కోడ్ వాడండి. అందులో కూడా రీసెట్ నొక్కారో, పాత కోడ్ పనిచెయ్యదు, జాగ్రత్త.

యాడ్స్. డబ్బులు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ నొక్కేముందు లక్ష్యం లైకులా, మెసేజ్‌లా చూసుకోండి. మెసేజ్‌లు ఎంచుకోండి. మ్యాప్‌లో షాపు చుట్టూ చిన్న వృత్తం గీయండి, సైకిల్ తోసుకుంటూ రాగలిగినంత దూరమే. రెండు రోజులు నడిపి, ఎంతమంది అడిగారు, ఎంతమంది వచ్చారు అని నోట్‌బుక్‌లో రాసుకోండి. అవును, నోట్‌బుక్‌లోనే.

వీడియో నిలువుగా తియ్యండి, మాటల్ని అక్షరాల్లో కూడా వెయ్యండి, సౌండ్ లేకుండా చూసేవాళ్లుంటారు.

ఇంకొకటి, ఇది మొదట్లోనే చెప్పాల్సింది. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టుకోండి. "పొరపాటున మీకు కోడ్ వచ్చింది, కాస్త చెప్తారా" అని ఎవరడిగినా ఇవ్వకండి, తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే. ఆ కోడ్ ఇచ్చారంటే షాపు తాళాలు ఇచ్చినట్టే. కస్టమర్ల నంబర్లని నెలకోసారి వేరేచోట కాపీ చేసుకోండి. క్యాటలాగ్, లేబుల్స్ సంగతి...

[కెమెరా బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతుంది.]

...అవి ఇంకో వీడియోలో. కింద మీ షాపు ఏంటో రాయండి, ఎంతమంది ఫాలోవర్లున్నారో రాయకండి.