ఆబోతు పక్కకు తిరిగి నిలబడితే

అందరికీ నమస్కారం. రోజూ పశువుల మధ్య తిరిగే మీకు ఆబోతు గురించి కొత్తగా చెప్పేదేముంది అనిపించవచ్చు. కానీ "మా గొడ్డు చాలా సాధువండీ" అనే మాట వింటేనే నాకు భయం.

కోడెదూడను తల్లి నుంచి విడదీసి, ఒంటరిగా సీసాపాలతో పెంచితే అది మనిషినే తన జాతి అనుకుంటుంది. చిన్నప్పుడు తలతో చేతిని నెడుతుంటే ముద్దొస్తుంది. ఏడాదిన్నర దాటి ఒళ్లు తిరిగాక, తోటి ఆబోతుతో తేల్చుకోవాల్సిన పెద్దరికాన్ని మనతోనే తేల్చుకోవాలని చూస్తుంది. కాబట్టి మగదూడ నుదురు గోకడం, దాన్ని నెట్టి ఆడటం వద్దే వద్దు. తల్లిలేని దూడైతే ఆరు వారాలకల్లా తోటి దూడల్లో కలపండి.

కళ్లు తలకు చెరోపక్క ఉండటంతో పశువుకు దాదాపు చుట్టూ కనిపిస్తుంది, తోకకు సరిగ్గా వెనక తప్ప. అటునుంచి చప్పుడు చేయకుండా వెళితే బెదిరి తన్నేస్తుంది. రెండు కళ్లూ కలిసి చూసేది ముందున్న కాస్త మేరే కాబట్టి దూరం సరిగా అంచనా వేయలేదు. ఎర్రగుడ్డ సంగతంటారా, దాన్ని రెచ్చగొట్టేది గుడ్డ ఊపడమే, రంగు కాదు.

ఇక అసలు విషయం. ఆబోతు మీకు అడ్డంగా, పక్క చూపిస్తూ నిలబడిందనుకోండి. వీపు విల్లులా వంచుతుంది, మెడ బిగిస్తుంది, తల కాస్త దించుతుంది. కనుగుడ్లు ఉబ్బుతాయి, వెన్ను మీద రోమాలు నిక్కుతాయి. తానెంత పెద్దదో చూసుకోమని చెబుతోందన్నమాట. చాలామంది "అటు తిరిగిందిలే" అనుకుని దగ్గరికి పోయేది సరిగ్గా ఇప్పుడే. కాలు దువ్వడం, కొమ్ములతో మట్టి ఎగజిమ్మడం, రంకెలు వేయడం ఎవరికైనా అర్థమవుతాయి. ఈ అడ్డంగా నిలబడటమే అర్థం కాదు.

అప్పుడు వీపు చూపించి పరుగెత్తకండి, దాన్ని గెలవలేరు. కళ్లు దానిమీదే ఉంచి, చేతులు ఊపకుండా, అడుగులో అడుగు వేస్తూ ఓ ఇరవై అడుగులు వెనక్కి జరగండి. మీదికే వస్తే కండువానో టోపీనో ఓ పక్కకు విసిరి, మీరు రెండో పక్కకు తప్పుకోండి. కిందపడితే కంచె వైపు దొర్లి, దాని కిందనుంచి బయటపడండి. దొడ్డి కట్టేటప్పుడే మూలల్లో మనిషి దూరగలిగేలా, ఆబోతు పట్టనంతగా 40 సెంటీమీటర్ల సందులు వదిలితే చాలా మేలు. లోపలికి వెళ్లేముందు ఆ సందు ఎటుందో చూసుకోండి.

ముక్కుకు రింగు ఉంది కదా అని ధీమా పడొద్దు. దానికి తాడు మాత్రమే కడితే ఆబోతు ముందుకు ఉరికి మీ మీద పడగలదు. కొక్కెం ఉన్న గట్టి కర్ర తగిలిస్తేనే అది మీకు ఎడంగా ఉంటుంది. ఒక్కరే నడిపించకండి. మందలో ఎదకొచ్చిన ఆవు ఉన్నప్పుడు, కాలు కుంటుతున్నప్పుడు, మందనుంచి విడదీసినప్పుడు దాని కోపం రెట్టింపని లెక్కేసుకోండి.

ఒకసారి మనిషి మీదికి వచ్చిన ఆబోతును ఇక ఉంచుకోకండి. అమ్మితే, కొనేవారికి ఆ సంగతి దాచకండి.