రిలీజ్ ఫిల్మ్ మీద గీత ఎక్కడ పడుతోంది?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో కోటింగ్ లైన్ నడిపే ఆపరేటర్లు ఉన్నారు, వెడల్పు ఫిల్మ్‌ని కావలసిన కొలతకు కోసే స్లిట్టింగ్ సూపర్‌వైజర్లు ఉన్నారు, క్వాలిటీ వాళ్లు ఉన్నారు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన ఇంజినీర్లూ ఉన్నారు. అందుకే సిద్ధాంతం అవసరమైనంత వరకే చెప్పి, మిగతా సమయమంతా మెషిన్ దగ్గర ఏం చూడాలో మాట్లాడతాను.

కొత్తవాళ్ల కోసం ముందుగా ఒక మాట. మొబైల్‌కి స్క్రీన్ గార్డ్ వేసేముందు లాగి పారేస్తామే, ఆ పల్చటి పొర రిలీజ్ ఫిల్మే. మనం ఎక్కువగా నడిపేది 25 నుంచి 100 మైక్రాన్ల పాలిస్టర్ ఫిల్మ్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). అంటుకున్నది తేలిగ్గా ఊడిరావడానికి దాని మీద సిలికోన్ పూత వేస్తాం. చదరపు మీటరుకి అర గ్రాము పూస్తే ఆ పూత మందం సుమారు అర మైక్రాన్. కస్టమర్ మనకు డబ్బులిచ్చేది ఆ అర మైక్రాన్ కోసమే.

"ఎలాగూ పారేసే పొరే కదా, గీత పడితే ఏమైంది?" అని షాప్‌ఫ్లోర్ మీద చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. విద్యుత్తును నిల్వచేసే చిన్న భాగాలైన సిరామిక్ కెపాసిటర్ల తయారీ చూడండి. ఒక స్మార్ట్‌ఫోన్‌లో ఇవి వందల్లో ఉంటాయి. బేరియం టైటనేట్ పొడిని ద్రావణంలో కలిపి, రిలీజ్ ఫిల్మ్ మీద పల్చగా పోసి ఆరబెడతారు. ఆరిన పొర మీద ఎలక్ట్రోడ్ ప్రింట్ చేసి, ఫిల్మ్ నుంచి ఊడదీసి, అలాంటి పొరలు వందల కొద్దీ పేరుస్తారు. ఇప్పటి మంచి కెపాసిటర్లలో ఒక్కో పొర మైక్రాన్‌కి అటూ ఇటూగా ఉంటుంది. ఫిల్మ్ మీద మైక్రాన్ లోతు గీత ఉందంటే అది ఆ పొర మీద అచ్చు దిగుతుంది. లేదా గీత దగ్గర పూత చిరిగి, పొర సరిగా ఊడిరాక చిల్లు పడుతుంది. చిల్లు పడ్డచోట షార్ట్ అవుతుంది. ఫిల్మ్ చెత్తబుట్టలోకి పోతుంది గానీ దాని గీత మాత్రం సరుకులో ఉండిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. గీతల గొడవ రాగానే ఎక్కువ చోట్ల మొదట వినిపించే మాట "ఇంకా గట్టి కోటింగ్ వెయ్యాలి" లేదా "ఫిల్మ్ సప్లయర్‌ని మార్చాలి" అని. నా అనుభవంలో ఈ రెండూ చివర చూడాల్సినవి. ఫిల్మ్ రోలర్‌ని తాకినంత మాత్రాన గీత పడదు. రెండూ ఒకే వేగంతో కదలనప్పుడు పడుతుంది. బండి టైరు తిరుగుతున్నంతసేపు రోడ్డు మీద చార పడదు, బ్రేకు పట్టేసి ఈడ్చుకుపోతేనే పడుతుంది. ఇదీ అంతే. కాబట్టి మనం వెతకాల్సింది ఫిల్మ్ ఎక్కడ జారుతోంది అన్నది.

అది కనిపెట్టడానికి ముందు గీతను సరిగా చూడాలి. ట్యూబ్‌లైటు కింద ఫిల్మ్ ఎత్తి చూస్తే సగం గీతలు కనబడవు. లైట్లు ఆపండి. నల్లటి బోర్డు మీద ఫిల్మ్ పరిచి, ఎల్‌ఈడీ టార్చిని దాదాపు ఫిల్మ్‌కి ఆనించినంత కిందకి దించి, పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. మన గీతలు ఎక్కువగా ఫిల్మ్ నడిచే దిశలోనే ఉంటాయి. వెలుగు గీతకు అడ్డంగా పడినప్పుడే అది మెరుస్తుంది. టార్చిని గీత వెంబడే పట్టుకుంటే ఎదురుగా ఉన్నదే కనబడకుండా పోతుంది.

తర్వాత గీత ఏ వైపుదో తేల్చండి. మామూలు పర్మనెంట్ మార్కర్‌తో సిలికోన్ వైపు రాయండి. పూత బాగున్నచోట సిరా నిలవక చిన్న చిన్న చుక్కలుగా ముడుచుకుంటుంది. పూత చిరిగినచోట సన్నటి గీతలా పట్టుకుని ఉండిపోతుంది. సిరా ఎక్కడా నిలవకుండా టార్చి వెలుగులో మాత్రం గీత కనిపిస్తోందంటే అది వెనకవైపుది కావచ్చు, లేదా కోటింగ్‌కి ముందే బేస్ ఫిల్మ్ మీద పడింది కావచ్చు. ఇది తెలిస్తే మీ పని సగానికి తగ్గుతుంది. లైన్‌లో సిలికోన్ వైపును తాకే రోలర్లు వేరు, వెనకవైపును తాకేవి వేరు. ఒక జాబితాను అక్కడికక్కడే పక్కన పెట్టేయొచ్చు.

ఇప్పుడు స్కేలు తీయండి. గుర్తులు సమాన దూరంలో మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ దూరాన్ని 3.14తో భాగించండి. 314 మిల్లీమీటర్లకోసారి వస్తే 100 మిల్లీమీటర్ల రోలర్, 377కి వస్తే 120 రోలర్. ఆ వ్యాసం ఉన్న రోలర్లు లైన్‌లో రెండో మూడో ఉంటాయి, వాటినే వేలితో తడిమి చూడండి. తెగకుండా పొడుగ్గా సాగే గీత అయితే కదలని వస్తువేదో రాసుకుంటోంది. తిరగడం మానేసిన రోలర్ కావచ్చు, వంగిన గార్డు అంచు కావచ్చు. చిన్న చిన్న ముక్కలుగా, దూరం లెక్కకు అందకుండా వస్తుంటే రోలర్ తిరుగుతూనే వెనకబడుతోందని అర్థం.

వెనకబడే రోలర్ సాధారణంగా ఐడ్లరే. దానికి మోటార్ ఉండదు, ఫిల్మే దాన్ని తిప్పాలి. బేరింగ్‌లో చిక్కటి గ్రీజు కుక్కినా, సీలు బిగుసుకున్నా తక్కువ టెన్షన్‌లో, అంటే తక్కువ లాగుడుతో నడిచే పల్చటి ఫిల్మ్‌కి దాన్ని తిప్పే బలం చాలదు. మెషిన్ ఆగినప్పుడు ఒక్కో ఐడ్లర్‌ని ఒకే బలంతో చేత్తో తిప్పి వదలండి. పక్కవాటికంటే ముందే ఆగిపోయే రోలర్ మీద అనుమానం పెట్టుకోండి. మెషిన్ నడిచేటప్పుడు టాకోమీటర్‌తో రోలర్ వేగం, లైన్ వేగం పోల్చండి. గీతలు రోల్ మొదట్లోనో, లైన్ ఆపిన చోటనో మాత్రమే ఉంటే తప్పు బేరింగ్‌ది కాకపోవచ్చు. బరువైన రోలర్ ఫిల్మ్‌తో సమానంగా వేగం అందుకోలేదు, అంతే త్వరగా ఆగలేదు కూడా. స్పీడు పెంచే, తగ్గించే సమయం పొడిగించి చూడండి.

బేరింగులన్నీ బాగున్నా ఫిల్మ్ జారొచ్చు. కారణం గాలి. నిమిషానికి 100 మీటర్ల వేగం, మీటరు వెడల్పుకి 100 న్యూటన్ల టెన్షన్, 100 మిల్లీమీటర్ల నున్నటి రోలర్ అనుకుని లెక్కగడితే, ఫిల్మ్‌కీ రోలర్‌కీ మధ్య చిక్కుకునే గాలి పొర 7 మైక్రాన్ల పైనే వస్తుంది. మన ఫిల్మ్ ఉపరితలంలో ఎగుడుదిగుళ్లు మైక్రాన్‌లోపే ఉంటాయి. అంటే ఫిల్మ్ రోలర్‌ని దాదాపు తాకకుండా తేలిపోతోంది. తేలుతూ తేలుతూ అక్కడక్కడ తగిలినచోట గీసుకుంటుంది. స్పీడు పెంచిన వారమే గీతలు మొదలయ్యాయంటే ముందు ఇక్కడ చూడండి. టెన్షన్ రెట్టింపు చేస్తే ఆ పొర దాదాపు మూడోవంతు తగ్గుతుంది. దానికన్నా రోలర్ మీద సన్నటి గాడులు కొట్టించడం నయం, గాలి వాటిగుండా పోతుంది. గాడుల అంచులు మాత్రం నున్నగా ఉండాలి, లేకపోతే ఆ అంచులే కొత్త గీతలు గీస్తాయి.

చుట్టిన రోల్ లోపల కూడా గీతలు పడతాయి. వదులుగా చుట్టిన రోల్‌ని తర్వాతి మెషిన్ గట్టిగా లాగితే లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. రోల్ పక్కభాగం మీద కోర్ (మధ్యలోని గొట్టం) నుంచి అంచు దాకా తిన్నగా ఒక గీత కొట్టి ఉంచండి. విప్పేటప్పుడు అది వంకర తిరిగిందంటే పొరలు జారినట్టే. అలాగని అంతా బిగించేయకూడదు. మరీ బిగిస్తే, పొరలు అతుక్కోకుండా ఫిల్మ్ వెనకవైపు ఉండే సిలికా రేణువులు సిలికోన్ వైపు ఒత్తుకుని గుంటలు పడతాయి. కోర్ దగ్గర కాస్త బిగువుగా మొదలుపెట్టి, రోల్ పెరిగేకొద్దీ టెన్షన్ తగ్గిస్తూ రావడమే మార్గం.

దుమ్ము గురించి అందరికీ తెలుసు కాబట్టి రెండే మాటలు. దుమ్మును లాగే స్టాటిక్ కరెంటు తీసే అయొనైజర్ బార్‌ని ఫిల్మ్ మెటల్ రోలర్‌కి ఆనుకున్నచోట పెడితే ఫలితం సరిగా ఉండదు, రెండు రోలర్ల మధ్య ఫిల్మ్ గాల్లో ఉన్నచోట పెట్టాలి. ఇక రోలర్‌కి అంటిన సిలికోన్ మరకని కటర్ బ్లేడుతో గీకే అలవాటు నేను చాలా చోట్ల చూశాను. దయచేసి మానండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాని గుడ్డ వాడండి. మరక మీద గుడ్డని కాసేపు తడిగా ఉంచి మెల్లగా తుడవండి. బ్లేడు చేసిన గాటు రోలర్ మార్చేదాకా ప్రతి చుట్టులోనూ ఫిల్మ్ మీద దిగుతూనే ఉంటుంది. స్లిట్టింగ్ బ్లేడుదీ ఇదే సంగతి. మొద్దుబారితే అంచున పాలిస్టర్ పొడి రాలుతుంది, ఆ పొడి రోల్‌లోకే పోతుంది.

మేనేజర్లకు ఒకటి చెప్పాలి. రోల్ రిజెక్ట్ కాగానే "చేత్తో ముట్టుకున్నావా, ఉంగరం తగిలిందా" అని ఆపరేటర్‌ని నిలదీస్తారు. ఉంగరం గీసిన గీత కొద్ది దూరంలో ఆగిపోతుంది, కిలోమీటర్ల పొడవునా సాగదు. అంత పొడవు గీత వచ్చిందంటే మెయింటెనెన్స్ షెడ్యూల్ తెరిచి చూడండి. మోటార్లు ఉంటాయి, హీటర్లు ఉంటాయి, ఐడ్లర్ బేరింగులు చాలాచోట్ల ఉండవు. వాటిని రాయించండి. తిప్పి చూసిన తేదీ, ఆగడానికి పట్టిన సెకన్లు, ఏ రోలర్‌కి ఎన్ని అన్నది కాగితం మీద ఉండాలి. రిజెక్షన్ రిపోర్టులో "స్క్రాచ్" అని ఒక్క మాట రాసి వదిలేయకుండా ఏ వైపు, ఎంత దూరానికోసారి, రోల్‌లో ఎన్నో మీటరు దగ్గర అన్న మూడు గడులు పెట్టించండి. ఆ మూడూ నింపగలిగేది ఆపరేటరే.

పక్క టేబుల్ మీద నాలుగు ఫిల్మ్ ముక్కలు, టార్చి, మార్కర్, స్కేలు పెట్టాను. లైట్లు ఆపుతాం, వచ్చి ఏ గీత ఏ రోలర్‌దో మీరే తేల్చండి. తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.