తాడు చేతిలో ఉన్నా, లేకపోయినా

అందరికీ నమస్కారం. స్వారీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, పిల్లల్ని స్వారీకి పంపుతున్న తల్లిదండ్రులు, లాయాల్లో పనిచేసే సైస్‌లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం చాలా సంతోషం.

ఏ రైడింగ్ స్కూల్లోనైనా పొద్దున్నే కనిపించే పని ఇది. మధ్యలో ఒక మనిషి, ఒక చేతిలో పొడవాటి తాడు, ఇంకో చేతిలో కొరడా, చుట్టూ గుండ్రంగా తిరిగే గుర్రం. దీన్ని లాంజింగ్ అంటారు. చూడటానికి తేలిగ్గా ఉంటుంది కాబట్టి చాలాచోట్ల కొత్తగా చేరిన కుర్రాడి చేతికి తాడిచ్చి ‘కాసేపు తిప్పు’ అనేస్తారు. నిజానికి లాయం పనుల్లో బాగా శ్రద్ధ పెట్టాల్సిన వాటిలో ఇదొకటి. ఎందుకో చెబుతాను.

ముందు సామాను. తాడు ఏడెనిమిది మీటర్లుండాలి. గుర్రం తలకు కావెసన్, అంటే లాంజింగ్ కోసమే చేసిన తలపట్టీ, వేస్తే మంచిది. ముక్కు మీది పట్టీకి రింగు ఉంటుంది, తాడు దానికి తగిలిస్తారు. తాడును నేరుగా నోట్లోని కళ్లేనికి తగిలిస్తే ప్రతి చిన్న లాగుడూ నోటికి గుచ్చుకుంటుంది. కావెసన్ లేకపోతే లాయంలో కట్టేయడానికి వాడే మామూలు తలపట్టీ, హెడ్‌కాలరే నయం. తాడును మడతలు మడతలుగా పట్టుకోండి, చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోకండి. 450 కిలోల జంతువు బెదిరి పరుగందుకుంటే చుట్టిన తాడు వేళ్లను వదలదు. గ్లవ్స్ లేకుండా తాడు ముట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. నుదుటికి సూటిగా ముందు కొంచెం, తోక వెనక కొంచెం తప్ప దాదాపు 350 డిగ్రీలు దానికి కనిపిస్తుంది. మధ్యలో నిలబడ్డ మీరు వేసే ప్రతి అడుగునూ అది చూస్తూనే ఉంటుంది. పారిపోయి ప్రాణాలు కాపాడుకున్న జాతి కదా, ఒత్తిడి ఎటు నుంచి వస్తే దానికి దూరంగా జరుగుతుంది. జీను పట్టీ పడే చోటుకు ఎదురుగా మీరుంటే ఉన్న వేగంతోనే సాగుతుంది. తుంటి వైపు ఒక అడుగు వేస్తే వేగం పెంచుతుంది. భుజం కన్నా ముందుకు వచ్చారంటే నెమ్మదిస్తుంది, లేదా వెనక్కి తిరిగిపోతుంది. ముక్కు దాకా తాడు, వెనక కాళ్ల వైపు కొరడా, మధ్యలో మీరు. ఆ త్రికోణం చెదరకుండా చూసుకోవాలి. కొరడా కూడా ఇక్కడ కొట్టడానికి కాదు, చేయి అందని చోట మన చేతికి పొడిగింపు.

‘మా గుర్రం ఊరికే ఆగిపోతోంది సార్, మొండిది’ అని ఎంతోమంది చెబుతుంటారు. వెళ్లి చూస్తే, మనిషి తెలియకుండానే దాని భుజం ముందుకు వచ్చేసి ఉంటాడు. నోరు పొమ్మంటుంది, ఒళ్లు ఆగమంటుంది. ఆ టెన్షన్‌లో గుర్రం ఏదో ఒకటి చేస్తుంది, దానికి దెబ్బలు పడతాయి. ఇది చాలా అన్యాయం.

తాడు తీసేసినా సూత్రం మారదు. 15 నుంచి 18 మీటర్ల వ్యాసంతో గుండ్రటి కంచె కడతారు, రౌండ్ పెన్ అంటారు. అందులో తాడు లేకుండా తిప్పుతారు. మాంటీ రాబర్ట్స్ అనే అమెరికన్ గుర్రాల శిక్షకుడు 1989లో విండ్సర్ కోటలో బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ ముందు ఈ పద్ధతి చూపించాక అది ప్రపంచమంతా పాకింది. గుర్రాన్ని దూరంగా పంపుతూ ఉంటారు. లోపలి చెవి మనవైపు తిప్పడం, తల దించడం, నాలుకతో పెదవులు తడుపుకోవడం కనిపించాక మనిషి ఒత్తిడి ఆపి పక్కకు తిరుగుతాడు. గుర్రం దగ్గరికి వచ్చి వెంట నడుస్తుంది. చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. కానీ దాన్ని స్నేహం అనేముందు ఒక విషయం ఆలోచించండి. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మనిషికి బదులు రిమోట్‌తో నడిచే బొమ్మకారుతో ఇదే చేసి చూశారు. గుర్రం కారువైపు తిరగగానే తరమడం ఆపారు. గుర్రాలు కారు దగ్గరికి కూడా వచ్చాయి. అంటే ఒత్తిడి ఆగిన క్షణం నుంచే గుర్రం నేర్చుకుంటోంది. తాడు లేకపోయినా కంచె ఉంది, గుర్రం ఎక్కడికీ పోలేదు. అందుకే తాడు తీసేశాం కాబట్టి దయగా ఉన్నాం అనుకోవద్దు. చెమటలు కక్కేదాకా తరిమితే రౌండ్ పెన్ తాడు కన్నా కఠినమైనది.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది కాళ్ల గురించి. ఒంటికి ఒంపు ఇస్తూ తిరిగే గుర్రం లోపలికి వాలుతుంది, మలుపులో బైకు వాలినట్టే. సెకనుకు మూడున్నర మీటర్ల ట్రాట్‌లో, అంటే దుడుకు నడకలో, 7 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే ఆ వాలు సుమారు 10 డిగ్రీలు. తాడు కుదించి 5 మీటర్లకు తెచ్చారనుకోండి, 14 డిగ్రీలవుతుంది. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాలు వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ బరువు లోపలి కాళ్ల కీళ్ల మీద, స్నాయువుల మీద వంకరగా పడుతుంది. తిన్నగా నడిచినప్పుడు కనిపించని కుంటు వలయంలో బయటపడుతుందనే పశువైద్యులు గుర్రాన్ని గట్టి నేల మీదా మెత్తటి నేల మీదా తిప్పించి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న కాళ్లకు రోజూ అదే పరీక్ష పెట్టడం ఎందుకు?

మన రైడింగ్ స్కూళ్లలో రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్‌లు చాలా ఉన్నాయి. హుషారు ఎక్కువ. వాటి వేడి దించడానికి చిన్న వలయంలో, గట్టి నేల మీద అరగంట క్యాంటర్, అంటే ట్రాట్ కన్నా వేగమైన పరుగు, చేయించేవాళ్లున్నారు. గుర్రం అలసిపోదు, రేపటికి ఇంకా దమ్ము పెంచుకుంటుంది. కాళ్లు మాత్రం అరుగుతాయి. హుషారు తగ్గాలంటే దాణా తగ్గించండి, తిరగడానికి మైదానంలో వదలండి. పిల్ల గుర్రాల విషయంలో మరీ జాగ్రత్త. ముందు కాళ్ల మోకాలి పైన ఎముక పెరిగే భాగం గట్టిపడేది రెండేళ్లు దాటాకే, వెన్నుపూసలకు ఐదేళ్ల దాకా పడుతుంది. వాటికి పది నిమిషాలు, అదీ ఎక్కువగా నడకే చాలు. పెద్ద గుర్రానికైనా 20 నిమిషాలు దాటించకండి. రెండు వైపులా సమానంగా తిప్పండి.

వలయం వల్ల మనిషికి లాభం లేదా అంటే చాలా ఉంది. 1768లో లండన్‌లో గుర్రపు విన్యాసాల ప్రదర్శనలు మొదలుపెట్టిన ఫిలిప్ ఆస్ట్లీ, పరుగెత్తే గుర్రం వీపు మీద నిలబడటానికి వలయం సాయపడుతుందని పట్టుకున్నాడు. 42 అడుగుల సర్కస్ రింగు అక్కడి నుంచే స్థిరపడింది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తవాళ్లకు పగ్గాలూ రికాబులూ లేకుండా, గురువు తాడు పట్టి తిప్పే గుర్రం మీదే కూర్చోవడం నేర్పుతారు. తల్లిదండ్రులకు చెబుతున్నాను, మీ పిల్లల్ని మొదట్లో ఇలా తాడుతో తిప్పే గుర్రం మీదే ఉంచుతుంటే అది వెనకబడటం కాదు. గుర్రాన్ని గురువు చూసుకుంటారు, పిల్లలు తమ ఒంటి తూకం మాత్రమే చూసుకుంటారు. పగ్గాలు పట్టుకుని వేలాడే అలవాటు పడదు. గుర్రం నోరు బతుకుతుంది.

మైదానంలో ఇసుక పరిచిన వైపు గుర్రాన్ని సిద్ధం చేస్తున్నారు. మీలో ఐదారుగురితో వంతులవారీగా చేయించి చూస్తాను. మొదట తాడు లేకుండా, గుర్రం కూడా లేకుండా. ఒకరు గుర్రమై తిరుగుతారు, ఇంకొకరు మధ్యలో నిలబడి అడుగు మార్చి చూస్తారు. అది కుదిరినవాళ్లకే గ్లవ్స్ ఇస్తాను.