500 ఎర్రర్ వచ్చిందా? కోడ్ ముట్టుకోకముందే లాగ్ తెరవండి

నమస్కారమండీ. స్క్రీన్ మీద చూడండి. తెల్లటి పేజీ, పైన పెద్ద అక్షరాలతో "ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్". నిన్న సాయంత్రం దాకా బాగా నడిచిన స్క్రిప్టే ఇది. ఈ పేజీ కనబడగానే టెన్షన్ వచ్చేస్తుంది. ఆ టెన్షన్‌లో కోడ్‌లో నాలుగు చోట్ల మార్చేస్తాం, ఫైళ్లన్నిటికీ పర్మిషన్లు ఇచ్చేస్తాం. తర్వాత అసలు తప్పు ఏదో, మనం చేసిన తప్పు ఏదో విడదీయలేం. దయచేసి ఇప్పుడే ఏమీ మార్చకండి.

500 అంటే సర్వర్ వైపు ఏదో పొరపాటు జరిగిందని అర్థం, అంతవరకే. ఏం జరిగిందో పేజీలో చూపిస్తే మన ఫైళ్లు ఎక్కడున్నాయో, డేటాబేస్ పేరేంటో చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ తెలిసిపోతుంది. అందుకని సర్వర్ ఆ సంగతి బయట చెప్పదు, ఎర్రర్ లాగ్‌లో రాసిపెడుతుంది. ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ సిస్టమ్‌లలో, పేజీలు పంపే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ అపాచీ లాగ్ "స్లాష్ వార్ స్లాష్ లాగ్ స్లాష్ అపాచీ2" ఫోల్డర్‌లో ఉంటుంది. రెడ్‌హ్యాట్ రకం సిస్టమ్‌లలో అపాచీ2 బదులు "హెచ్‌టీటీపీడీ" ఫోల్డర్ చూడండి. సీప్యానెల్ అనే కంట్రోల్ పేజీ ఉన్న హోస్టింగ్ అయితే మెట్రిక్స్ కింద "ఎర్రర్స్" నొక్కితే చాలు.

(స్క్రీన్ మీద ఎడమవైపు టెర్మినల్, కుడివైపు బ్రౌజర్)

"టెయిల్" అని కొట్టి, స్పేస్ ఇచ్చి, "హైఫన్ ఎఫ్", ఆ తర్వాత లాగ్ ఫైల్ పేరు. ఇక కొత్త లైన్ పడినప్పుడల్లా ఇక్కడ కనబడుతుంది. ఇప్పుడు బ్రౌజర్‌లో పేజీ రీఫ్రెష్ చేస్తున్నాను. చూశారా, రెండు లైన్లు పడ్డాయి. పై లైన్‌లో "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని ఉంది. కింది లైన్‌లో "ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్" అని ఉంది. పాత అపాచీ 2.2లో ఇదే లైన్ "ప్రీమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్" అని వచ్చేది. చాలామంది ఈ కింది లైన్ పట్టుకుని వెతుకుతారు. కానీ స్క్రిప్ట్ నోరు విప్పకుండానే ఆగిపోయిందని తప్ప అందులో ఇంకేమీ లేదు. ఎందుకు ఆగిందో చెప్పేది పై లైనే.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. చివరగా ఏం మార్చాం? ఇది ఒక చిన్న గ్రంథాలయం కోసం నేను పైథాన్‌లో రాసిన సీజీఐ స్క్రిప్ట్, అంటే పేజీ అడిగినప్పుడల్లా వెబ్ సర్వర్ నడిపే చిన్న ప్రోగ్రామ్. ఫారమ్ నింపినవాళ్లకు ఇంగ్లీషులో థాంక్స్ చెప్పేది. నిన్న ఆ ఒక్క వాక్యం తీసేసి "ధన్యవాదాలు, మీ వివరాలు అందాయి" అని తెలుగులో పెట్టాం. పాత విండోస్ కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి, టైప్ చేసి, "సేవ్ యాజ్"లో యూటీఎఫ్-8 ఎంచుకుని, అప్‌లోడ్ చేశాం. యూటీఎఫ్-8, యాన్సీ అనేవి అక్షరాలను బైట్లుగా రాసిపెట్టే పద్ధతులు, అంటే ఎన్‌కోడింగ్‌లు. యాన్సీలో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది కాబట్టి యూటీఎఫ్-8 ఎంచుకోవడం సరైన పనే. కానీ పాత నోట్‌ప్యాడ్ అలా సేవ్ చేసేటప్పుడు ఫైల్ మొదట్లో మూడు బైట్లు తనంతట తనే చేరుస్తుంది. వాటినే బామ్ అంటారు. విండోస్ 10లో 2019లో వచ్చిన 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా బామ్ లేకుండానే సేవ్ చేస్తోంది. పాత మెషీన్లలో మాత్రం ఇది ఉంటుంది. తెలుగు రాసేవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువగా తగులుతుంది, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఎడిటర్‌లో ఆ బైట్లు కంటికి కనబడవు. ఇలా చూడాలి. "హెడ్ హైఫన్ ఎన్ 1", ఫైల్ పేరు, నిలువు గీత, "ఓడీ హైఫన్ సీ". కొంచెం జూమ్ చేస్తాను. మొదట్లో 357, 273, 277 అని మూడు సంఖ్యలున్నాయి. బామ్ ఇదే. వాటి తర్వాత గానీ హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం రాలేదు. ప్రోగ్రామ్‌లను నడిపించే లైనక్స్ కెర్నల్, ఫైల్‌లోని మొదటి రెండు బైట్లు చూస్తుంది. అవి సరిగ్గా ఆ రెండు గుర్తులైతేనే దీన్ని పైథాన్‌కి అప్పగించాలని దానికి తెలుస్తుంది. ఇక్కడ ముందు వేరే బైట్లు ఉన్నాయి కాబట్టి ఈ ఫార్మాట్ నాకు తెలియదంది.

అదే లైన్ చివర చూడండి. "బ్యాక్‌స్లాష్ ఆర్, బ్యాక్‌స్లాష్ ఎన్". విండోస్ ప్రతి లైన్ చివరా రెండు గుర్తులు పెడుతుంది, లైనక్స్‌కు ఒక్క "ఎన్" చాలు. బామ్ ఒక్కటే తీసేస్తే ఈసారి లాగ్‌లో "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వస్తుంది. ఫైల్ కళ్ల ముందే ఉంటే లేదంటుందేమిటి అనుకుంటాం. ఈ ఒక్క వాక్యం దగ్గర నాకు ఒకప్పుడు రెండు రోజులు పోయాయి. లేదంటున్నది మన స్క్రిప్ట్‌ని కాదు. పైథాన్ పేరు చివర ఆ "ఆర్" అంటుకుపోయింది కదా, ఆ పేరుతో ప్రోగ్రామ్ లేదంటోంది.

ఇంకో విషయం. "పైథాన్3" అని కొట్టి పక్కన ఫైల్ పేరు ఇస్తే ఈ స్క్రిప్ట్ చక్కగా నడుస్తుంది, ఎందుకంటే బామ్‌నీ, ఆ "ఆర్"నీ పైథాన్ పట్టించుకోదు. నా దగ్గర నడుస్తోంది, సర్వరే బాగాలేదు అని వాదించుకునేది ఇక్కడే. ఫైల్ పేరు ముందు "డాట్ స్లాష్" పెట్టి నడిపి చూస్తే తేడా వెంటనే దొరుకుతుంది.

బాగుచేయడానికి ముందు ఫైల్‌ని ఒక కాపీ తీసుకుని, "డాస్2యునిక్స్" కమాండ్ ఇవ్వండి. బామ్, ఆ అదనపు "ఆర్" రెండూ పోతాయి. వీఎస్ కోడ్‌లో అయితే కింద కుడివైపు "సీఆర్ఎల్ఎఫ్" (విండోస్ రెండు గుర్తులు) మీద నొక్కి "ఎల్ఎఫ్" (లైనక్స్ ఒక్క గుర్తు) చేయండి, పక్కనే ఎన్‌కోడింగ్ కూడా బామ్ లేని యూటీఎఫ్-8కి మార్చండి.

(బ్రౌజర్‌లో పేజీ రీఫ్రెష్)

వచ్చేసింది. తెలుగు సరిగ్గా కనబడుతోంది. పేజీకి ముందు స్క్రిప్ట్ పంపే కంటెంట్ టైప్ హెడర్‌లో యూటీఎఫ్-8 అని నేను రాసిపెట్టాను కాబట్టి అక్షరాలు చెదరలేదు. ఆ హెడర్ తర్వాత ఒక ఖాళీ లైన్ తప్పకుండా ఉండాలి. మరిచిపోతే మళ్లీ 500, లాగ్‌లో "మాల్‌ఫార్మ్‌డ్ హెడర్" అని పడుతుంది.

మిగతావి త్వరగా చెప్తాను. సీజీఐ స్క్రిప్ట్‌కి పర్మిషన్ 755 ఇవ్వండి, అంటే మార్చేది ఓనర్ ఒక్కరే, మిగతావాళ్లు చదివి నడపగలరు. అందరూ మార్చగలిగే 777 ఇవ్వొద్దు. అది ప్రమాదం, పైగా స్క్రిప్ట్‌లని ఓనర్ పేరు మీద నడిపే సుఎగ్జెక్ ఉన్న సర్వర్‌లో ఇతరులు రాయగలిగే ఫైల్‌ని అది నడపనే నడపదు, దాంతో 500 వస్తుంది. ఫోల్డర్‌కి సంబంధించిన అపాచీ సెట్టింగ్‌లుండే హెచ్‌టీయాక్సెస్ ఫైల్ మీద అనుమానముంటే ఒక్క నిమిషం దాని పేరు మార్చి చూసి, వెంటనే పాత పేరు పెట్టేయండి. ఫోల్డర్లకు పాస్‌వర్డ్ కాపలా అందులోనే ఉండొచ్చు.

పీహెచ్‌పీలో "పీహెచ్‌పీ హైఫన్ ఎల్" అని కొట్టి ఫైల్ పేరు ఇస్తే సింటాక్స్ తప్పు ఏ లైన్‌లో ఉందో చెబుతుంది. ఏళ్లనాటి సైట్ ఒక్కసారిగా ఆగిపోతే హోస్టింగ్‌లో పీహెచ్‌పీ వెర్షన్ మారిందేమో చూడండి. డేటాబేస్‌కి కలిపే పాత "మైఎస్‌క్యూఎల్ కనెక్ట్" ఫంక్షన్‌ని 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. లాగ్‌లో "అన్‌డిఫైన్డ్ ఫంక్షన్" అని ఉంటే ఆ కోడ్‌ని దాని బదులు వాడే మైఎస్‌క్యూఎల్‌ఐకి గానీ పీడీఓకి గానీ మార్చుకోవాలి.

లాగ్ చూసే వీలు మీకు లేకపోతే హోస్టింగ్ వాళ్లకు "సైట్ రావట్లేదు" అని మాత్రం రాయకండి. పేజీ పూర్తి అడ్రస్, మీ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ నంబరు), ఎర్రర్ వచ్చిన టైమ్ నిమిషంతో సహా ఇవ్వండి. చాలా సర్వర్లలో గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. మీకు సాయంత్రం 4 గంటలకు వచ్చిన ఎర్రర్ వాళ్ల లాగ్‌లో ఉదయం 10:30 దగ్గర ఉంటుంది. రెండు టైమ్‌లూ రాసేయండి, ఆ లైన్ వాళ్లకు వెంటనే దొరుకుతుంది.